చెప్పులు విప్పే చోటు

గాజువాక,
11 మార్చి 2024.

అక్కయ్యకి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ దానిమీద కూరగాయల జాబితా రాసుకున్నాను. కానీ ఫోన్లో నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం నువ్వే కల్పించుకుని తణుకంతా చెప్పేస్తావు. అంచేత కాగితమే మేలనిపించింది.

సంగతేమిటంటే, డెబ్భై ఒకటో ఏట నేను శాస్త్రవేత్తనయ్యాను.

మద్దిలపాలెం వైపు నేను షుగరుకి చూపించుకునే ఆసుపత్రి ఉంది కదా. షుగరువల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళమీద జనవరి నుంచి అక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. నూరుమందికి మెత్తటి అడుగున్న చెప్పులు, నూరుమందికి మామూలు చెప్పులు ఉచితంగా ఇచ్చారు. లేచింది మొదలు పడుకునేదాకా, ఇంట్లోనూ బయటా అవే వేసుకోవాలి. ఆర్నెల్ల తరవాత ఎవరికెన్ని పుళ్ళు పడ్డాయో చూస్తారు. నాకు మెత్తటివి వచ్చాయి. నల్లగా, బొద్దుగా, గేదెదూడల్లా ఉన్నాయి.

అంతా మొదలెట్టేశాక, రోగులని కూడా సలహా అడగాలని నిబంధన ఉన్నట్టు వాళ్ళకి మార్చిలో గుర్తొచ్చింది. ఎవర్ని అడగాలి? కిందటేడు వాళ్ళ ఫిర్యాదుల పుస్తకంలో నేను నాలుగు పేజీలు రాశాను. టోకెన్ల గురించి రెండు, పంకా గురించి ఒకటి, ఆ పుస్తకానికి దారంతో కట్టిన పెన్నులో ఇంకు లేదని ఒకటి. ఇలాంటివాడి నోరు మూయించాలంటే కుర్చీ వెయ్యడమొక్కటే మార్గమని పెద్దడాక్టరు దేవీప్రసాద్ గారికి తోచినట్టుంది. చంద్రిక అనే చిన్న డాక్టరమ్మ ఫోన్ చేసి, "సార్, మీరు ఇకమీదట మా పరిశోధనలో భాగస్వాములు. మాతో కూర్చుని ఆలోచించాలి" అంది. ఆ పిల్లమట్టుకు నిజంగానే అంది. గొంతులో తెలిసిపోతుంది.

వెళ్ళాను. రోగుల తరఫున ఇద్దరం. నేనూ, జాలరిపేట నుంచి నూకాలు. ఆవిడకి యాభై అయిదేళ్ళుంటాయి. బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులెంట చేపలు అమ్ముతుంది. కుడికాలి చిటికెనవేలు షుగరు ఇప్పటికే తినేసింది. మా ఇద్దరి మెళ్ళోనూ తాడు వేసి కార్డు తగిలించారు. షుగరు రోగుల సమావేశం కనక జాంగ్రీ పెట్టారు. తరవాత పధ్నాలుగు పేజీల ఫారం చేతికిచ్చి, మీ అభిప్రాయం చెప్పమన్నారు. అవే ఫారాలు మూలన నడుమెత్తు దొంతరగా అచ్చై ఉన్నాయి. నూకాలు ఆ దొంతర చూసింది.

"ఇదేటి బాబూ, కూర దింపేసినాక ఉప్పెంతెయ్యాలని అడుగుతన్నారు?" అంది.

దేవీప్రసాద్ గారు గట్టిగా నవ్వి, "చాలా విలువైన సూచన, రాసుకోండి" అన్నారు. ఎవరో రాసుకున్నారు. ఫొటో తీశారు.

నాకిది కొత్త కాదు. స్టీలు ప్లాంటులో చేరకముందు ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను నడిపేవాణ్ణి కదా. ఆయన కొత్త క్రేను చేయించాడు. కేబిన్లో కూర్చుంటే ఆపరేటరుకి ఆకాశం, కొంగలు, మబ్బులు అన్నీ కనిపిస్తాయి, కొక్కెం తప్ప. తయారైపోయాక నన్ను పిలిచి, "నడిపేది నువ్వు కదా శంకరం, నీ మాట ముఖ్యం. పసుపు వేద్దామా, నారింజ వేద్దామా?" అన్నాడు. నారింజ అన్నాను. అదీ నా మొదటి పరిశోధన.

నా పాదాలు బాగానే ఉన్నాయి. అడుగుతావని ముందే రాస్తున్నాను.

నీ తమ్ముడు,
భీమశంకరరావు

~

తణుకు,
20 మార్చి.

చిరంజీవి శంకరానికి అక్కయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిదో క్లాసు మూడుసార్లు రాసినవాడివి శాస్త్రవేత్తవయ్యావంటే ఆ ఆసుపత్రి ఎలాంటిదో నాకు అర్థమైంది. వాళ్ళు నీమీద ప్రయోగాలు చేస్తున్నార్రా. ఊరికే చెప్పులిచ్చేవాణ్ణి ఈ లోకంలో నేను చూళ్ళేదు. ఎలకలకి కూడా ముందు మంచి తిండే పెడతారు.

నాన్నగారి సంగతి మర్చిపోయావా? మడమ మీద శనగగింజంత పుండు. కాకినాడలో ముందు వేళ్ళు తీశారు, తరవాత పాదం తీశారు, ఆఖరికి మోకాలి దాకా తీశారు. ఆ రెండేళ్ళూ కట్లు కట్టింది నేను. నువ్వు క్రేనెక్కి ఆకాశంలో కొంగల్ని చూస్తున్నావు. అదే షుగరు నీకూ ఉంది, నాకూ ఉంది. "పాదాలు బాగానే ఉన్నాయి" అని అడక్కముందే చెప్పావంటే ఏదో అయ్యే ఉంటుంది.

ఇంకోటి. ఆ నూకాలు గురించి అంత రాశావు. నా మోకాలి నొప్పి ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. సుభద్ర పోయి నాలుగేళ్ళయింది, ఇంట్లో ఒక్కడివే ఉంటావు, నేనేమీ అనను. అనకుండా ఊరుకుంటున్నానని మాత్రం తెలుసుకో.

వచ్చే నెల మా గోపిని పంపుతున్నాను. వెళ్ళి నీ పేరు కొట్టించేసి వస్తాడు.

అక్కయ్య కామేశ్వరి

~

గాజువాక,
19 ఏప్రిల్.

అక్కయ్యకి,

ముందుగా నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ పుత్రరత్నం వచ్చాడు, వెళ్ళాడు. ఏం జరిగిందో వాడు సరిగ్గా చెప్పి ఉండడు కనక నేను రాస్తున్నాను. ఎరువుల కొట్లో రైతులమీద అరిచి అరిచి వాడి గొంతు బాగా పదునెక్కింది. నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రి హాల్లోకి వెళ్ళి, చెయ్యెత్తి, "మా మావయ్య మీ కళ్ళకి ఎలకలా కనిపిస్తున్నాడా?" అని కేక పెట్టాడు. టోకెన్ల వరసలో ఉన్నవాళ్ళందరూ నన్ను చూశారు. పోలిక ఉందా లేదా అని కాబోలు.

చంద్రిక వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విని రాసుకుంది. ఈలోగా దేవీప్రసాద్ గారు పరిగెత్తుకుంటూ వచ్చి, "కుటుంబసభ్యుల గొంతు! ఇన్నాళ్ళూ మాకిదే లోటు!" అని వాడి రెండు చేతులూ పట్టుకున్నారు. అరగంటలో వాడి మెళ్ళోనూ తాడు పడింది. నా పేరు కొట్టించడానికొచ్చినవాడు తన పేరు రాయించుకుని, రెండు జాంగ్రీలు తిని, సాయంత్రం రైలెక్కాడు. వాడి ఫొటో ఇప్పుడు ఆసుపత్రి గోడమీదుంది. నోరు తెరిచి, చెయ్యెత్తి. కింద "ఉత్సాహంగా పాల్గొంటున్న కుటుంబసభ్యుడు" అని రాశారు.

ఆ రోజే రెండో సమావేశం. ఫారంలో ఒకటే ముఖ్యమైన ప్రశ్న: చెప్పులు రోజూ, ఇంట్లోనూ బయటా వేసుకుంటున్నారా? అవును, కాదు. నూటికి తొంభై ఆరుమంది అవుననే పెట్టారట. ఇంత క్రమశిక్షణ గల జనం ఈ ఊళ్ళో ఉన్నారని గాజువాక జంక్షన్లో రోడ్డు దాటేటప్పుడు నాకెప్పుడూ అనిపించలేదు. నూకాలు మాత్రం, "యేసుకున్నారా అని కాదు బాబూ, ఎక్కడిప్పుతన్నారో అడగండి" అంది. ఫారం కమిటీలో ఆమోదమైపోయింది, ఇక కామా కూడా మార్చకూడదు అన్నారు. చాలా విలువైన సూచన అని కూడా అన్నారు.

గోపి చేత నీకూ ఒక జత మెత్తటి చెప్పులు పంపాను. బజార్లో కొన్నవే, ప్రయోగం కాదు. వంటింట్లో కూడా వేసుకో. నేను ఇంట్లోనూ వేసుకుంటున్నాను. నా కాలికేమీ కాలేదు.

శంకరం

~

తణుకు,
6 మే.

చిరంజీవి శంకరానికి,

నా మోకాలు ఉత్తరం మొదటి లైన్లో అడిగేసి వదిలించుకున్నావు. బానే ఉంది.

చెప్పులు అందాయి. మంచి చెప్పులు. బీరువాలో పట్టుచీరల కింద, కవరు విప్పకుండా పెట్టాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వేసుకుంటాను. వంటింట్లో చెప్పులేమిట్రా? అమ్మ వింటే ఏమనేది?

నువ్వు ఇంట్లో వేసుకుంటున్నావంటే నేను నమ్మను. సుభద్ర బతికుండగా నీ చెప్పు ఆ గుమ్మం దాటి లోపలికి రావడం నేనెరగను. పిల్లలు బూట్లతో వస్తే అరిచే మనిషి. అలాంటి ఇంట్లో నువ్వు చెప్పులేసుకుని తిరుగుతున్నావంటే నాకు రెండే తోస్తున్నాయి. అబద్ధమైనా అయ్యుండాలి, ఆ ఇంట్లో కొత్త పెత్తనమైనా వచ్చి ఉండాలి. గోపి ఫోన్లో గోడమీది ఫొటోలు చూపించాడు. ఆ నూకాలు నీ పక్కనే కూర్చుంది.

గోపి ఆ కార్డు మెళ్ళోంచి తియ్యడం లేదు. కొట్టుకి కూడా దాంతోనే వెళ్తున్నాడు.

అక్కయ్య

~

గాజువాక,
22 జులై.

అక్కయ్యకి,

రెండు నెలలు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఈసారి చదువుతూ మధ్యలో కేకలెయ్యకు. చివరిదాకా చదివి ఒకేసారి వెయ్యి.

ఫలితం వచ్చింది. మెత్తటి చెప్పుల నూరుమందిలో పదకొండుగురికి పుళ్ళు పడ్డాయి. మామూలు చెప్పుల నూరుమందిలో పన్నెండుగురికి. తేడా లేదు కనక మెత్తటి చెప్పులవల్ల లాభం లేదని తేల్చారు. ఇకమీదట ఆసుపత్రి ఎవరికీ ఇవ్వదు. దేవీప్రసాద్ గారు బెంగుళూరు సభలో ఇదే చదువుతారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నూకాలు మాత్రం పక్కకి తిరిగి, "యేసుకుంటే కదా తెలుస్తాది" అని గొణిగింది. అది విన్నది చంద్రిక ఒక్కతే. రాస్తున్న పెన్ను ఆపేసింది.

మర్నాడు పొద్దున్నే నూకాల్నీ నన్నూ తీసుకుని ఆ పిల్ల జాలరిపేట వెళ్ళింది. తొమ్మిదిళ్ళు తిరిగాం. ఏడిళ్ళల్లో చెప్పులు దేవుడి పటాల పక్కన గూట్లో, ఇచ్చిన కవరులోనే ఉన్నాయి. గంగాలమ్మ అనే ముసలామె కవరు విప్పి గర్వంగా చూపించింది. "సూడమ్మా, మట్టంటనిచ్చినానా? ఆసుపత్రికొచ్చినప్పుడే యేత్తాను." దాచినందుకు మెప్పొస్తుందని ఎదురుచూసింది. నీ బీరువా గుర్తొచ్చింది.

"మరి ఫారంలో రోజూ వేసుకుంటున్నానని చెప్పావు కదమ్మా?" అంది చంద్రిక.

"నువ్వంత మంచిగా అడిగితే కాదని ఎలాగ సెప్తాం తల్లీ?"

తరవాత ఇసకలోకి వెళ్ళాం. సూరన్న అనే పెద్దమనిషి పడవ పక్కన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మేం దగ్గరికి వెళ్తుంటే నా కాళ్ళు చూసి చెయ్యి అడ్డంపెట్టాడు. "సెప్పులు అక్కడిప్పండి. పడవ తల్లి. వల మా అన్నం. అన్నం మీద సెప్పుకాలెడతారేటి?" చంద్రిక, నేను విప్పేశాం. ఆ ఇసకలో గవ్వపెంకులు, విరిగిన సీసాముక్కలు, వలలకి కట్టే సీసపు గుళ్ళు. నూకాలు రోజూ తెల్లారేసరికి అక్కడే ఉంటుంది, వట్టికాళ్ళతో. వేలు పోయిందక్కడేనట. అంతదాకా ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నేనూరుకుంటానా? రోగుల ప్రతినిధిని కదా. పాదాల నరాల గురించి, చెప్పుల మహత్తు గురించి, మధ్యలో క్రేను గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను. సూరన్న రెండు గజాల వల అల్లేశాడు. నూకాలు చివరిదాకా ఓపిగ్గా విని, "అయిపోనాదా బాబూ? మరి తమరు ఇంట్లో యేసుకుంతన్నారా?" అంది.

అవునన్నాను.

ఆవిడ నా మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. "మరి ఆ ఏలికి కట్టిన గుడ్డేటి?"

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తున్నాను. జూన్ మొదటివారంలో పూజగదిలో నేలమీద ఎర్రచుక్కలు కనిపించాయి. కుంకుమ ఒలికిందనుకుని తుడిచాను. మర్నాడు వంటింట్లోనూ ఒలికింది. వంటింట్లో కుంకుమ ఎందుకుంటుందని అప్పుడనిపించింది. ఎడమకాలి రెండో వేలి కింద పిన్నీసు మొన విరిగి దిగిపోయి ఉంది. రెండ్రోజులు దానిమీదే నడిచాను. చీమ కుట్టినట్టయినా లేదు. సుభద్ర పిన్నీసే అది, బీరువా తుడుస్తుంటే జారిపడినట్టుంది.

ఆవిడ పోయినా ఆ గుమ్మం లోపలికి చెప్పుకాలు పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు అక్కయ్యా. ఆర్నెల్లూ గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చుని, ఫారంలో "ఇంట్లోనూ వేసుకుంటున్నాను, అవును" అని టిక్కు పెట్టాను. అందంగా కూడా పెట్టాను. వేలు డాక్టరుకి చూపించలేదు, ఆర్నెల్ల లెక్కలోనూ పుండు లేదనే రాయించాను. చూపిస్తే టిక్కు అబద్ధమని తేలిపోతుంది, చంద్రిక ముందు పరువు పోతుంది. ఆ పిల్లకి ముసలాళ్ళలో నేనొక్కణ్ణే బుద్ధిమంతుణ్ణని నమ్మకం. నేను నిజం చెప్పి ఉంటే పదకొండు కాదు, పన్నెండుకి పన్నెండు.

ఆ ఇసకలోంచే నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. వేలు నల్లబడింది. పాదం నిలబడుతుందో లేదో చూద్దామన్నారు.

శంకరం

~

తణుకు,
29 జులై.

శంకరం,

నాన్నగారికీ మొదట "చూద్దాం" అనే అన్నారు.

సుభద్ర పేరు చెప్పి దాక్కోకు. ఆ మహాతల్లి ఉండుంటే ఆ గేదెదూడలాంటి చెప్పుతోనే నీ వీపుమీద రెండేసి, నీ కాళ్ళకి తొడిగి, లోపలికి తోసేది. మొగుడి కాలికంటే నేల ఎక్కువనుకునే మనిషి కాదు. నలభై ఏళ్ళు కాపరం చేసి ఆపాటి తెలుసుకోలేదు నువ్వు.

ఎంత పోతే అంత, నిజం రాయి. "బాగానే ఉంది" అని రాశావో, ఈ మోకాలితోనే బస్సెక్కి వస్తాను.

ఆ నూకాలికి నా నమస్కారాలు చెప్పు. నీ కాళ్ళవైపు చూసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది.

అక్కయ్య

~

గాజువాక,
8 సెప్టెంబరు.

అక్కయ్యకి నమస్కారాలు.

నిజం రాస్తున్నాను. ఎడమకాలి రెండో వేలు తీసేశారు. ఒక్కటే. పాదం ఉంది, మడమ ఉంది, మోకాలు ఉంది. ఇంకో వారం ఆగుంటే పాదం పోయేదన్నారు. పక్కవేళ్ళు రెండూ ఇంకా మధ్యలోవాడికి చోటుంచినట్టు ఎడంగా ఉన్నాయి.

కట్టు విప్పగానే ఆఖరి సమావేశానికి వెళ్ళాను. ఆర్నెల్లు అబద్ధం టిక్కు పెట్టానని అందరిముందూ చెప్పాను. జాలరిపేట గూళ్ళ సంగతి చంద్రిక చెప్పింది. దేవీప్రసాద్ గారికి మొహం కందగడ్డయింది.

"మీరు విషయాన్ని చాలా వ్యక్తిగతంగా తీసుకుంటున్నారు సార్" అన్నారు.

"వేలు వ్యక్తిగతమేనండి" అన్నాను.

బెంగుళూరు పత్రం ఆపుతారనుకున్నాను. ఆపలేదు. చివర్న ఒక వాక్యం కలిపారు: కొందరు రోగులు నిజం చెప్పలేదు. నూకాలు అది చంద్రిక చేత రెండుసార్లు చదివించుకుని, "అడగని మాటకి నిజం ఎలాగ సెప్తారమ్మా?" అంది. దీన్ని ఎవరూ విలువైన సూచన అనలేదు, రాసుకోలేదు. కింద మాత్రం భాగస్వాములకి కృతజ్ఞతలు అని మా పేర్లు వేశారు. నీ కొడుకు పేరు నాకంటే ముందుంది.

చంద్రిక ఊరుకోలేదు. నూకాల్ని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త ఫారం రాసింది. ఒకటే పేజీ. మొదటి ప్రశ్న నూకాలిది: చెప్పులు ఎక్కడ విప్పుతారు, ఎందుకు? పధ్నాలుగు పేజీల్లో రానిది ఆ ఒక్క ప్రశ్నకి వచ్చింది. నాలాంటివాళ్ళు గుమ్మం దగ్గర, జాలరిపేటవాళ్ళు పడవ దగ్గర. పడవ దగ్గరికి దళసరి గుడ్డతో కాలికి సంచిలాంటిది కుట్టి, అడుగున మెత్తటి రబ్బరు పెడితే ఎలా ఉంటుందని నూకాలు అడిగింది. ఒకటి కుట్టి తెస్తే సూరన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, మర్నాడు నలుగురు పెద్దల్ని అడిగి, "గుడ్డే కదా. గుడ్డకి తల్లి ఏమనదు" అన్నాడు. ఇరవైమంది తొడుక్కుంటున్నారు. అందులో ఎంతమంది గూట్లో పెట్టారో చూడ్డానికి వారం వారం మేమే ఇంటింటికీ వెళ్తున్నాం, ఆసుపత్రికి రమ్మనడం లేదు.

నా మాట విని బీరువా తాళం తియ్యి. పట్టుచీరలకి షుగరు లేదు.

మోకాలు జాగ్రత్త.

నీ తమ్ముడు,
శంకరం

తా.క. ఉత్తరం మడతపెడుతుంటే నూకాలు వచ్చింది. మీరు సేపలు తినరు కదా అని నాలుగు ములక్కాడలు తెచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, వంగి చెప్పులు విప్పబోయింది. వద్దన్నాను. నా కాళ్ళకేసి చూసింది, నాకూ ఉన్నాయి. వేసుకునే లోపలికొచ్చింది. కాఫీ తాగింది. గ్లాసులు రెండూ నేనే కడిగాను.